తలుపు కింద అతుకు

"దొంగని ఈ ఆదివారమే పట్టిస్తాను మామయ్యగారూ. మీరొచ్చి కళ్ళారా చూడాలి" అని చిన్నల్లుడు మామగారికి ఫోన్ చేశాడు. ఆ నోటితోనే స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ని కూడా పిలిచాడు.

దొంగ ఎవరో ఇంటిల్లిపాదికీ తెలుసు. పెద్దల్లుడే. రుజువొక్కటే లేదు.

రెండేళ్ళ క్రితం మామగారు కాలి ఆపరేషన్‌కని ఆస్పత్రిలో పది రోజులున్నారు. తిరిగొచ్చేసరికి ముప్ఫై ఏళ్ళుగా కన్నబిడ్డలా చూసుకున్న తెల్లకారు షెడ్డులో లేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది. ఆ పది రోజులూ ఇల్లు కనిపెట్టుకుని ఉన్న చిన్నల్లుడు గుండెలు బాదుకున్నాడు. మారు తాళంతో తీసి ఎవరో తోలుకుపోయారని కంప్లయింటు రాసిందీ ఆయనే. మారు తాళం చేయగల చేతులు మన ఇంట్లో ఎవరికున్నాయో ఆలోచించండని చుట్టాలందరికీ విడివిడిగా చెప్పిందీ ఆయనే.

అలాంటి చేతులు పెద్దల్లుడికే ఉన్నాయి. ఆయన ఆఫీసులో గుమాస్తా, ఇంట్లో వెల్డరు. సాయంత్రం చొక్కా మార్చుకోవడమే ఆలస్యం, పెరట్లో రేకుల పంచ కింద నిప్పురవ్వలు లేచేవి. బట్టలారేసుకునే స్టాండు చేసిపెట్టమని భార్య అడిగి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఏదో పాత బండికి నాలుగు బంపర్లు మారాయి గానీ స్టాండు మాత్రం రాలేదు. చుట్టాలు ఆయనకి 'అతుకుల అల్లుడు' అని పేరు పెట్టారు. ఇనుముతో ఆడుకునేవాడు ఇనుము ఎత్తుకుపోడా అన్న న్యాయం వాళ్ళకి భలే నచ్చింది.

అప్పట్నుంచి మామగారు ఆ గడప తొక్కలేదు. పెద్దకూతురు ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాం" అని పెట్టేసేవారు. ఇక రుజువు కూడా దొరికితే మొగుడు జైలుకి వెళ్ళడం సరే, ఆమెకి పుట్టింటి తలుపు పూర్తిగా మూసుకుపోయినట్టే.

ఖాళీ షెడ్డు వృథాగా ఎందుకని చిన్నల్లుడు తన కొత్తకారుని అందులో పెట్టుకున్నాడు. అంతకు ముందు అది వీధిలో ఎండకి మాడిపోతోందని పాపం తెగ బాధపడేవాడు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ పెరట్లోకి వచ్చేసరికి పెద్దల్లుడు ముఖానికున్న వెల్డింగు తొడుగు పైకెత్తి నోరు తెరిచాడు. ఆయన వెనక ఒక ఆకుపచ్చ కారుంది. ముక్కు సాగదీశాడు, దీపాలు రెట్టింపు చేశాడు. అయినా ఆ గుండ్రటి నడ్డి చూడగానే మామగారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"రంగు పూస్తే రూపు మారుతుందా? ఇది మీ కారే!" అన్నాడు చిన్నల్లుడు.

"కాదు తమ్ముడూ, అదే మోడలు. ఏడాదిన్నర తిరిగి పాతసామాన్ల కొట్లో పట్టుకున్నాను."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నారే అన్నయ్యగారూ! ఛాసిస్ మీద నంబరు చూపించండి మరి."

"నంబరున్న రేకు బాగా తుప్పు పట్టింది. అందం చెడుతోందని కోసేసి కొత్తది వేశాను" అన్నాడు పెద్దల్లుడు, అదేదో గొప్ప పనిలా.

హెడ్డు నుదురు కొట్టుకున్నాడు. ఇంత చేజేతులా ఇరుక్కునే దొంగని ఆయన సర్వీసులో చూడలేదు.

చిన్నల్లుడు కారులోకి తొంగిచూసి పకపకా నవ్వాడు. "సీటేమో బయటికి తిరుగుతోంది. క్లచ్చి తొక్కేందుకు పెడలు లేదు, స్టీరింగు పక్కన చేతి మీట! కుంటివాళ్ళు తోలే కారా ఇది?"

మామగారు చేతికర్రని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. "తొందరపడకండి చిన్నల్లుడుగారూ. రుజువేదో చూపించండి" అన్నారు.

"చూపిస్తా. తలుపుల కింద రంగు గీకించండి. కుడి పక్క ముందు చక్రానికి జానెడు ఇవతల, ఎడమ పక్క బెత్తెడు ఇవతల. కోసి అతికిన గీత కనపడకపోతే సగం మీసం తీయించుకుంటాను!"

పెద్దల్లుడు తల వంచుకుని గ్రైండరు తెచ్చాడు. ఆరు పొరలేసి, అద్దంలా మెరిసేదాకా రుద్దిన రంగు అది. దొంగన్నప్పుడు రాని కన్నీళ్ళు ఆ రంగు లేచిపోతుంటే వచ్చాయి.

కుడి పక్క రేకు బయటపడింది. నున్నగా ఉంది. ఎడమ పక్కా అంతే.

"అతుకు లేదండీ. ఫ్యాక్టరీ రేకు ఉన్నదున్నట్టే ఉంది" అన్నాడు హెడ్డు.

చిన్నల్లుడు మోకాళ్ళ మీద కూలబడి అరచేత్తో తడిమాడు. "ఉండాలే! సరిగ్గా ఇక్కడే ఉండాలి! ఇంకా లోతుగా గీకండి!"

ఈలోగా మామగారు బయటికి తిరిగిన సీటులో కూర్చున్నారు. సీటు మెల్లగా లోపలికి తిరిగింది. వంగని ఎడమకాలు చాపుకోవడానికి సరిపడా చోటుంది. చేతి మీట ఆయన అరచేతి కొలతకే చేసినట్టుంది. చాలాసేపు దాన్ని వదల్లేదు.

"పెద్దల్లుడుగారూ, రంగు మళ్ళీ వేయించుకుందాం లెండి" అన్నారు. రెండేళ్ళలో ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది.

తర్వాత కారు కిటికీలోంచి, ఇంకా రేకు తడుముతున్న చిన్నల్లుడి వైపు చూశారు. "మారు తాళంతో తీసి తోలుకుపోయారనే కదరా నీ చేత్తో కంప్లయింటు రాశావు? మరి నా బండిని కుడి పక్క జానెడు, ఎడమ పక్క బెత్తెడు దగ్గర కోశారని నీకెవడు చెప్పాడు?"