జీపు వెనక పడవ

“పడవబండిని జీపుకు తాడుతో బిగించి కట్టెయ్ గురప్పా, చాలు. చెరువులో మనిషి పోతాండాడు” అన్నాడు కేశవమూర్తి.

గురప్ప తాడు లాక్కుని అవతల పారేశాడు. ట్రాక్టర్ల వెనక కొక్కేలు వెల్డింగు చేసి చేసి తల నెరిసినవాడే గానీ, చింతామణిలో ఆయన షెడ్డు ముందుకు పడవ రావడం ఇదే మొదలు. ఈ సీమలో పడవ మొహం చూసిందెవరు గనక.

వారంగా ఒకటే వాన. దిబ్బూరహళ్ళి అవతల చెరువు పొంగి పొలాల మీద పడింది. పొలంలో నీళ్ళ మోటరు విప్పుకు రమ్మని కేశవమూర్తి పంపితే, పొద్దున మోకాలి లోతులో నడిచిపోయిన పిళ్ళప్ప తిరిగి రాలేకపోయాడు. మోటరు గది కప్పు ఎక్కి కూర్చున్నాడు. ఫైరువాళ్ళు ఇంకెక్కడో కట్ట తెగిందని పోయారు. ఆ బురదలో లారీ దిగదు. మిగిలింది కేశవమూర్తి జీపూ, చెరువులో బోటింగు పెడదామని కొని తన అంగడి వెనక పడేసిన పడవా, దాని రెండు చక్రాల బండీ.

గురప్ప జీపుకు ఒక ఇనుప గుండు బిగించి, పడవబండి ముందు కాడికున్న గిన్నెలాంటి మూతిని దాని మీద కూర్చోబెట్టాడు.

“కూర్చునింది కదప్పా, ఇంక పోదాం.”

“కూర్చునింది, కూర్చునింది” అంటూ గురప్ప బండి మూతిని ఒక్క చేత్తో పైకెత్తాడు. అది టక్కున ఊడి వచ్చింది. “మొదటి గుంతలోనే పడవ నీ ఈపెక్కి సవారీ చేస్తాది. ఈ గుండు చిన్నది. మూతి మీద యాభై మిల్లీమీటర్లని కొట్టుండాది చూడు. గుండూ యాభైదే ఉండాల.”

కేశవమూర్తి ఫోను మోగింది. చెరువు కట్ట మీద నుంచి పిళ్ళప్ప భార్య సుజాతమ్మ.

“నీళ్ళు కప్పు మీదికెక్కినాయప్పా. యాడుండారు?”

“బయల్దేరినామమ్మా” అని అబద్ధమాడాడు కేశవమూర్తి.

గురప్ప పాత సామాను గుట్టంతా తిరగేసి, ఎప్పుడో ఏ కారు కిందనుంచో ఊడదీసిన యాభై గుండు పట్టుకొచ్చాడు. మందపాటి ఇనుప పలక పెట్టి జీపు చట్రానికి బిగించాడు. మూతి ఎత్తి చూశాడు. ఈసారి జీపు వెనక భాగమే పైకి లేచింది. ఒకవేళ ఊడినా బండి జారిపోకుండా మూతి కింద రెండు గొలుసులు ఒకదానికొకటి అడ్డంగా వేశాడు.

“ఎంతసేపప్పా?”

“నువ్వు పెండ్లికొడుకు మాదిరి తొందరపడితే బోల్టు బిగుసుకుంటాదా?”

దారిలో ప్రతి గుంత దగ్గరా గురప్ప దిగి గుండు తడిమి చూశాడు. వాన ఆగింది గానీ ఆకాశం బూడిద రంగు వదల్లేదు. ఒక మలుపులో పడవ అటూ ఇటూ ఊగింది. కేశవమూర్తి స్టీరింగు గట్టిగా పట్టుకుని జీపు నెమ్మది చేశాడు. గుండు కదల్లేదు.

చెరువు కట్ట మీద యాభై మంది ఉన్నారు. జీపును చూడగానే దారి ఇచ్చారు. సుజాతమ్మ రెండు చేతులెత్తి గురప్పకు మొక్కింది. దూరంగా ఎర్రటి నీళ్ళ మధ్య పిళ్ళప్ప పిక్కల లోతులో నిలబడి, చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు. గాలికి ఒక్క మాటా ఇవతలికి చేరడం లేదు.

నలుగురు పట్టి పడవను నీళ్ళలోకి దించారు. గురప్ప పడవ తాడు పట్టుకుని, తెడ్లు రెండూ కేశవమూర్తి వైపు చాచాడు.

“ఎక్కప్పా, ఇంకేం చూస్తాండావు?”

“నాకు రాదు గురప్పా.”

“పోనీలే. ఎవరికొస్తాదో రాండప్పా.”

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

గురప్ప గొంతు తగ్గింది. “ఇంత దుడ్డు పోసి పడవ కొనింటివే, నడిపేవాణ్ణి పెట్టుకోలేదా?”

కేశవమూర్తి నీళ్ళ మధ్యకు వేలు చూపించాడు.

“పెట్టుకొన్యా. ఆ కప్పు మీద ఉండేది వాడే.”