పిల్లల ట్యాగ్

ఇంకొక్క ఎత్తు వేస్తే ఎదుటి రాజు చిక్కుతాడనగా, సరిగ్గా ఆరింటికి పెద్దాయన ఫోన్‌లో చదరంగం ఆగిపోయింది. మనవరాలి ట్యాబ్ లాక్కుని తన పేరుతో లాగిన్ అయ్యాడు. అదీ మొండికేసింది.

"ఏమ్మా, ఆఫీసులో నెట్‌వర్కులకి కాపలా కాసింది చాలక ఇంట్లో కూడా మొదలెట్టావా?" అని కోడలి మీద ఇంతెత్తున లేచాడు.

కోడలు నవ్వాపుకుంది. "ట్యాబ్ మారిస్తే లాభం లేదు మావయ్యగారూ. మన వైఫైలో నేను ట్యాగ్ వేసింది వస్తువులకి కాదు, మనుషులకి. మీరు దేంట్లో లాగిన్ అయినా అది మీ వెంటే వస్తుంది. పిల్లల ట్యాగ్ ఉన్నవాళ్లకి ఆరు దాటితే ఆటలు బంద్."

"నేను పిల్లాణ్నా? నాకది వేయమని ఎవరు చెప్పారు?"

కోడలు వంటింటి వైపు చూసింది. అక్కణ్నుంచి ఆయన భార్య రెండు కప్పుల కాఫీతో వచ్చింది.

"నేనే చెప్పాను. పెద్దల ట్యాగ్‌కి ఆటలు ఆగవట. రిటైరయ్యాక రోజూ తీరిగ్గా కబుర్లు చెప్పుకుందామన్నారు, గుర్తుందా? ఆ రాజులూ మంత్రులూ లేచి వెళ్తే గానీ నా వంతు రావడం లేదు."

పెద్దాయన ట్యాబ్ మెల్లగా మనవరాలి చేతికిచ్చేశాడు.

ఆయన్ని చూసి కోడలికి జాలేసింది. "పోనీ, పెద్దల్లోకి మార్చేయమంటారా మావయ్యగారూ?"

ఆయన అప్పటికే బాల్కనీలోకి రెండో కుర్చీ లాగుతున్నాడు.

"తొందరేముందమ్మా," అన్నాడు. "నాకింకా ఆ వయసు రాలేదు."