డ్రైవరు సీటు కింది కాగితం

మా ఆయన వెర్న్ తను కొన్న పాత షెవెల్ కారు డ్రైవరు సీటు ఊడదీసి వాకిట్లో బోర్లించాడు. ఏ ఇంజను, ఏ రంగు అని ఫ్యాక్టరీలో ప్రతి కారుకూ ఒక కాగితం రాస్తారు. పని అయ్యాక దాన్ని సీటు స్ప్రింగుల్లో దూర్చి వదిలేస్తారు.

"పెద్ద ఇంజనని అందులో ఉంటే శనివారం కార్ల పందేనికి దించుతా. లేదంటే అమ్మేస్తా. సరేనా, పిరికిదానా?" అన్నాడు.

తల ఊపాను. పందెం వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ కాగితం దొరక్కూడదని వారం నుంచీ దేవుణ్ణి వేడుకుంటున్నాను.

దొరికింది. "పెద్ద ఇంజనే!" అని గంతేసి, కాగితం మీది కారు నంబరు చూసి నాలుక కరుచుకున్నాడు. "ఇది మనది కాదే! నంబరు ఒకటి ఎక్కువుంది, ఫ్యాక్టరీలో మన కారు వెనకాలే వచ్చిన కారుది. హడావిడిలో దాని కాగితం ఇందులో, మన కాగితం అందులో కుక్కేశారు సన్నాసులు. అయినా రెండు కార్లూ కవలలే కదా, పందేనికి దించాల్సిందే!"

"నంబరు చదువు," అన్నాను.

"ఒకటి, మూడు, ఆరు..."

మిగతా అంకెలన్నీ కాగితం చూడకుండా నేనే చెప్పాను.

వెర్న్ నోరు తెరిచాడు. "నీకెలా తెలుసే?"

"మా అన్నయ్య కారు అది. కొన్న రోజే దాని నంబరు నాచేత బట్టీ పట్టించాడు. పందెం గెలిచి వస్తూ కారుతో సహా వంతెన మీంచి నదిలో పడిపోయాడు. కారూ దొరకలేదు, తనూ దొరకలేదు."

వెర్న్ చేతిలోని కాగితాన్ని మెల్లగా సీటు మీద పెట్టాడు. "మరైతే మన కాగితం..."

"మిస్సోరీ నది అడుగున ఉంది. అన్నయ్య ఇంకా దాని మీదే కూర్చుని ఉన్నాడు."