మైసయ్య బిడ్డ

"నానమ్మా, రేపటి పెండ్లిచూపులు ఆపు. నేను లెస్బియన్," అంది సోనీ.

బర్రె పాలు పిండుతున్న రుక్మాబాయి తలెత్తలేదు. "అంటే ఏందే?"

"నాకు ఆడపిల్ల మీదనే మనసు. యాకుత్‌పురా పాల మైసయ్య బిడ్డ, స్రవంతి."

పిండే చెయ్యి ఆగింది.

"పాలల్ల నీళ్ళు కలిపే మైసయ్యనా? మన గౌలిపురల పిల్లలే దొరకలేదా నీకు?"

"ఆమె కలపదు నానమ్మా!"

"మా మేనత్త తుల్జాబాయి గిట్లనే దోస్తుతోని నలభై ఏండ్లు బతికింది. గప్పుడు దానికి పేరు లేకుండె, అంతే." రుక్మాబాయి మళ్ళీ పిండసాగింది. "రేపు పొద్దుగాల ఆ పిల్లను రమ్మను. మన బర్రె లచ్చిమి పాలు పిండాలె. అది తన్నకుంటేనే మాట."

సోనీ కళ్ళు తుడుచుకుంది. ఆ ఇంట్లో బర్రె పరీక్ష కాబోయే కోడళ్ళకే పెడతారు.