దాచిన పెట్టెల వనభోజనం

అనంతగిరి గుట్టల్లో కాలనీవాళ్ల వనభోజనాలు మొదలయ్యాయి. అన్నాలకు ముందు అడవిలో దాచిన పెట్టెలు వెతకడం వాళ్లు ఏటా ఆడే ఆట. ఎటు పోవాలో చెప్పడానికి అందరి చెవుల్లోనూ చిన్న బిళ్ల, అందులో ఒక గొంతు ఉంటాయి. చిన్నప్పటి నుంచీ ఆ గొంతు లేకుండా ఎవరూ గడప దాటి ఎరుగరు.

నిరుడు ఆటకు వెళ్లిన కమలిని తిరిగి రాలేదు. "ఇంకా పెట్టె కోసం తిరుగుతోంది, క్షేమమే" అని గొంతు చెబితే ఆమె భర్త యాదగిరితో సహా అందరూ నమ్మారు. ఎవరూ వెతకలేదు.

ఈసారి కమలిని చెల్లెలు రత్నమాల పెట్టె ఊసెత్తలేదు. "మా అక్క దగ్గరికి తీస్కపో" అంది తన చెవిలోని గొంతుతో.

గొంతు హుషారుగా నడిపించింది. పొదలు దాటాక ఒక బండ అంచున అక్క చెవిబిళ్ల పడి ఉంది. రత్నమాల దాన్ని చెవికి ఆనించుకుంది.

"ఇంకొక్క అడుగు, కమలినీ" అంటోంది అది.

బండకు అవతల నేల లేదు. లోతైన లోయ.

"ఇంకొక్క అడుగు, రత్నమాలా" అంది తన చెవిలోని గొంతు.

ఆమె రెండు బిళ్లలనూ లోయలోకి విసిరేసింది. మనుషుల అలికిడి వినిపించిన దిక్కుకు పరుగెత్తి, బావ ముందు కూలబడింది.

"అక్క లోయల పడ్డది బావా!"

యాదగిరి తల పక్కకు వంచి విన్నాడు. ఆమె మాట కాదు, చెవిలోది.

"ఆడ లోయే లేదంట రత్నా. మీ అక్క నన్ను పిలుస్తున్నదంట. పోయి తోల్కొస్త" అంటూ లేచాడు.

రత్నమాల అతని చొక్కా పట్టి లాగి, చెవిబిళ్ల పీకేసింది. యాదగిరి విస్తళ్ల మధ్య నిలబడి బిత్తరపోయి చూశాడు.

"రత్నా, ఇప్పుడు నేనెటు పోవాలె?"