హాడ్లీ సంతకం

“అసలుదే,” అన్నాడు కొట్టువాడు. బంతిని సరిగ్గా తిప్పి కూడా చూడలేదు. “క్లెమ్ హాడ్లీ సంతకమే. కావాలంటే సర్టిఫికెట్ రాసిస్తాను.”

మార్లీన్ సర్టిఫికెట్ అడగలేదు. బంతిని అందుకుని, తెచ్చుకున్న ఉన్ని సాక్సులో దూర్చి చేతిసంచిలో పెట్టుకుంది. టొలీడో స్టేడియం గేటును ఆనుకునే ఉంది ఆ కొట్టు. లోపల బేస్‌బాల్ ఆట మొదలైనట్టుంది, జనం ఒక్కసారిగా గోలపెట్టారు.

“వాడికి అమ్ముకోవడమే తెలుసు,” అన్నాడు ఆమె భర్త గస్. “వాడి మాట పట్టుకుని ఇంటికెళ్లిపోతామా? పద, ఆట చూద్దాం. స్టేడియం దాకా వచ్చి హాట్‌డాగ్ తినకుండా పోతే నా మోకాళ్లు నన్ను క్షమించవు.”

ఆమె తిన్నది. ఏం తిన్నదో ఆమెకే తెలియదు.

మార్లీన్ చిన్నతనంలో ఒహాయో పిల్లలకి బేస్‌బాల్ ఆటగాడు హాడ్లీ అంటే దేవుడు. ఆమె తండ్రి వాల్టర్ ఉక్కు కార్ఖానాలో పనిచేసేవాడు. ఒక ఆగస్టులో ఆమె పుట్టినరోజున ఈ బంతి తెచ్చి చేతిలో పెట్టాడు. దాని మీద నీలం సిరాతో ‘మార్లీన్‌కి, క్లెమ్ హాడ్లీ’ అని ఉంది. ఆట అయ్యాక గేటు దగ్గర వానలో నిలబడి రాయించుకొచ్చానన్నాడు. ఆ చలికాలమే కార్ఖానాలో ప్రమాదం జరిగి పోయాడు.

బంతి మాత్రం ఆమెతోనే ఉంది. స్కూలు సంచిలో, పెళ్లయ్యాక బీరువాలో, పిల్లలు పుట్టాక వాళ్ల చేతికందకుండా అటక మీద.

మొన్న వసంతంలో మేనత్త ఓపల్‌ని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆ బంతి ప్రస్తావన వచ్చింది.

“ఆ రోజు వానకి ఆటే ఆగిపోయిందే,” అంది అత్త. “మీ నాన్న సాయంత్రమంతా మా ఇంట్లోనే ఉన్నాడు. వాడికి హాడ్లీ ఎక్కడ కనిపించాడు? ఏమోలే తల్లీ, నాకూ సరిగ్గా గుర్తులేదు.”

అంతకు మించి చెప్పలేకపోయింది. వారం తిరక్కుండానే కన్నుమూసింది.

ఆ తర్వాత మార్లీన్‌కి నిద్ర సరిగ్గా పట్టలేదు. వేసవి రాగానే గస్ కారుకి కొత్త టైర్లు వేయించి, “పోదాం పద. ఎవడో ఒకడు తేల్చి చెప్పకపోడు,” అన్నాడు.

ముందు హాడ్లీ ఆడిన పాత స్టేడియం చోటుకి వెళ్లారు. దాన్ని ఎప్పుడో కూల్చేశారు. ఇప్పుడక్కడ కార్లు ఆపుకుంటున్నారు. గేటు ఎటువైపు ఉండేదో ఒక ముసలాయన చేత్తో చూపించాడు. మార్లీన్ అక్కడికెళ్లి, రెండు వ్యాన్ల మధ్య చాలాసేపు నిలబడింది.

“ఇక్కడే నిలబడ్డాడంటావా?” అన్నాడు గస్.

“అదేగా తెలియంది.”

టొలీడో తర్వాత ఫోర్ట్ వేన్. అక్కడి స్టేడియంలో చిన్న మ్యూజియం ఉంది. అద్దాల వెనక చిరిగిన గ్లవ్‌లు, వెలిసిపోయిన చొక్కాలు. దాన్ని చూసుకునే ఆవిడ భూతద్దం పెట్టి బంతిని శ్రద్ధగా పరీక్షించింది.

“నాకు అసలుదేననిపిస్తోంది,” అని నవ్వింది. “ఇక నిశ్చింతగా ఉండండి.”

మార్లీన్ థాంక్స్ చెప్పి వచ్చి కారులో కూర్చుంది. ఆట చూద్దామా అని గస్ అడగలేదు. వేరుశనక్కాయల పొట్లం ఆమె ఒళ్లో పెట్టి కారు తీశాడు.

ఊరు దాటాక అన్నాడు, “అనిపిస్తోంది అంది, అంతే. అనిపించడం వేరు, తెలియడం వేరు. హాడ్లీ సామాన్లన్నీ పోగేసినాయన ఒకడున్నాడట. ఆయన్నీ అడుగుదాం.”

ఆయన పేరు ఎమెట్ క్రౌస్. రిటైరైన లెక్కల మాస్టారు. ఇండియానా మొక్కజొన్న చేల మధ్య ఇల్లు. కారు ఉండాల్సిన షెడ్డు నిండా బ్యాట్లు, టోపీలు, బంతులు.

“హాడ్లీ నమిలి ఊసిన చూయింగ్ గమ్ తప్ప అన్నీ ఉన్నాయి,” అన్నాడు గర్వంగా.

“అదీ ఎక్కడో దాచే ఉంటాడు,” అని గస్ గొణిగాడు.

ఎమెట్ హాడ్లీ సంతకమున్న రెండు బంతులు తీసి, మార్లీన్ బంతిని వాటి పక్కన పెట్టాడు. మూడింటినీ మార్చి మార్చి చూశాడు. చివరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇది నీకెవరిచ్చారమ్మా?”

“మా నాన్న.”

ఆయన ఇబ్బందిగా కదిలాడు. “హాడ్లీది ఎడమచేతి వాటం. రాత వెనక్కి వాలుతుంది. ఇది ముందుకు వాలింది చూడు. ఎవరు రాశారో గానీ, నీ పేరు తడుముకోకుండా రాసేశాడు. హాడ్లీ అన్నచోటే పెన్ను ఆగి ఆగి కదిలింది. ఏదో ఫోటో చూసి దించినట్టుంది. నకిలీదమ్మా.”

“మీకు ఖాయంగా తెలుసా?”

“తెలుసు.”

“ఇంకొక్కసారి చూడండి.”

చూశాడు. “హాడ్లీ చెయ్యి దీని మీద పడనే లేదు.”

మార్లీన్ అక్కడున్న చెక్కపెట్టె మీద కూలబడింది. ముందు శబ్దం లేకుండా, తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. గస్ ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి.

ఎమెట్ ఆమె దగ్గరికొచ్చాడు.

“మీ నాన్న మీద కోపం పెట్టుకోకమ్మా. పిల్ల ముచ్చట తీర్చాలని చేసుంటాడు,” అన్నాడు. తన బంతుల్లో ఒకటి తీసి ఆమె చేతికివ్వబోయాడు. “ఇది అసలుది, ఉంచుకో. దాన్ని ఇక్కడే పారేసి పో.”

మార్లీన్ తన బంతిని రెండు చేతులా గుండెకి అదుముకుంది.

“వద్దండీ, మా పాత ఇల్లు కాలిపోయినప్పుడు నాన్న చేతిరాత ఒక్క అక్షరం కూడా మిగల్లేదు, ఈ సంతకం హాడ్లీది కాకూడదని దేవుణ్ణి వేడుకుంటూ ఇన్ని ఊళ్లు తిరిగాను.”