మనూరి జడ్జి

ఊరిగాం స్టేషన్లో రైలెక్కిన నాగరత్న, మామిడిపండ్ల బుట్ట తిరిగి తెచ్చి శ్రీనివాసప్ప కాళ్ళ దగ్గర పెట్టింది.

ఒక్క పండూ తగ్గలేదు.

"ఏమక్కా, మా తోట బాదామి మామిడి. రుచి గూడ చూడకుండా తెచ్చేసినావే!"

"పోటీ అయ్యేదాకా మీ ఇంటి నీళ్ళు గూడ తాగకూడదప్పా నేను. తప్పుగా అనుకోవద్దు."

శ్రీనివాసప్ప తప్పుగానే అనుకున్నాడు. ఖాళీ బుట్ట తిప్పి పంపడమే మర్యాద కాదనే ఊళ్ళో, నిండు బుట్ట తిప్పి ఇస్తే ఇంకెలా అనుకుంటారు?

నాగరత్న బెంగళూరులో బ్యాంకు గుమాస్తా. ఒంటరి మనిషి. ఏడాదికి రెండుసార్లు సెలవు పెట్టి, జీతం లేని పని మీద విదేశాలకి వెళ్ళి వస్తుంది. మంచు మీద జంటగా నాట్యం చేసే పోటీలకి ఆమె జడ్జి. చిన్నప్పుడు ఊళ్ళోని బంగారు గనుల క్లబ్బులో చెక్కనేల మీద చక్రాల బూట్లతో మొదలుపెట్టి, పరీక్షలు రాసి అంతదాకా వెళ్ళింది.

శ్రీనివాసప్ప పిల్లలు మునీంద్ర, చైత్ర చేసేదీ ఆ నాట్యమే. అన్నాచెల్లెళ్ళు జంట కట్టడం ఆ ఆటలో మామూలే. ఈసారి అంతర్జాతీయ పోటీలో మొదటి మూడు స్థానాల్లో ఉంటే రెండేళ్ళు విదేశంలో ఉచిత శిక్షణ. లేదంటే ఆట అంతటితో సరి. తండ్రి శక్తి అక్కడికే అయిపోయింది.

"తొమ్మిదిమంది జడ్జీల్లో ఒకామె మనూరిదే. ఇంగేం భయం?" అన్నాడు శ్రీనివాసప్ప, బోగీ అంతా వినేలా.

బోగీ తలూపింది. నాగరత్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పోటీలో పిల్లలకి నాలుగో స్థానం వచ్చింది. మూడో జంటకీ వాళ్ళకీ అర మార్కు కూడా తేడా లేదు.

చైత్ర ఏడుస్తూ ఫోన్ చేసింది.

"నాన్నా, మార్కుల పట్టీలో జడ్జీల పేర్లుంటాయి. మాకు అందరికన్నా తక్కువ వేసినది ఎవరో తెల్సా?"

"ఎవరమ్మా?"

"నాగరత్న ఆంటీ."



వారం తిరిగేసరికి బోగీలో అదే మాట.

"ఏ దేశమోళ్ళు ఆ దేశం పిల్లల్ని ఎత్తుకుంటారంట. ఈమె మాత్రం మనోళ్ళ గొంతు కోసింది."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడప్పా."

మారికుప్పం రైల్లో రోజూ పోయేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. మొదటి స్టేషన్లో ఎక్కినవాళ్ళు రుమాలు వేసి, తర్వాత ఎక్కేవాళ్ళకి సీటు పడతారు. నాగరత్నకి పన్నెండేళ్ళుగా ఆ బోగీలో ఒక రుమాలు ఉండేది. ఆ సోమవారం నుంచి లేదు.

ఆమె బెంగళూరు దాకా, రెండు గంటలకు పైగా, నిలబడే వెళ్ళేది. వేరే బోగీకి మాత్రం మారలేదు. ఎవరైనా ఒక్క మాట మాట్లాడతారేమోనని ఆమె ఆశ కాబోలు.

సాధన మానేసి బట్టల షాపులో పనికి కుదిరిన చైత్ర కూడా అదే రైల్లో వెళ్తుంది. ఒకరోజు నాగరత్న ఆమె దగ్గరగా వచ్చింది.

"చైత్రా, రెండో వరస అడుగుల్లో నీ ఎడమకాలు..."

"ఇంగ నాకేమీ చెప్పొద్దు ఆంటీ."

చైత్ర ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. నాగరత్న వెనక్కి వెళ్ళి, తలుపు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది.

ఆ ఏడాది ఆమెకి విదేశాల నుంచి ఒక్క పిలుపూ రాలేదు. ఎందుకు రాలేదని అడిగే దిక్కు లేదు.

కార్తీకంలో ఒక వారం ఆమె రైలెక్కలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎనిమిదో రోజు టిక్కెట్ల తనిఖీకి వచ్చినాయన చెప్పాడు.

"గుండెపోటంట. మట్టి గూడ చేసేసినారంట."

"అట్లనా?" అన్నాడు శ్రీనివాసప్ప. పేపరు తిప్పాడు.

మరో రెండు నెలలకి, అదే బోగీలో మునీంద్ర ఫోన్ చూసుకుంటూ గట్టిగా అరిచాడు.

"నాన్నా! ఆ పోటీలో మూడో స్థానం మాకే ఇచ్చినారు! ఇద్దరు జడ్జీలు మాట్లాడుకుని మార్కులు వేసుకున్నారంట. వాళ్ళవి కొట్టేసినారు. శిక్షణ గూడ మాకే!"

బోగీ చప్పట్లు కొట్టింది. చైత్ర అన్నని పట్టుకుని ఏడ్చేసింది.

"దొంగతనం ఎట్ల బయటపడిందప్పా?" అన్నాడు శ్రీనివాసప్ప.

"వాళ్ళు ఇంకో జడ్జిని గూడ కలుపుకోవాలని చూసినారంట. 'మా జంటని నువ్వు ఎత్తు, మీ జంటని మేము ఎత్తుతాం' అని. ఆ జడ్జి ఒప్పుకోకుండా ఫిర్యాదు రాసిచ్చినారంట."

"పేరేమి?"

"పేరు వేయలేదు నాన్నా."

"ఎవరో మహానుభావులు. ఎదురుపడితే కాళ్ళు మొక్కుదును."

"ఉండు, ఇంగా ఉండాది. సొంత దేశం జంట కోసమే ఆ ఫిర్యాదని వాళ్ళిద్దరూ విచారణలో వాదించినారంట."

"దానికి ఏమన్నారు?"

మునీంద్ర తీర్పులోని చివరి వాక్యం ముందు తనలో తాను చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత తండ్రి ముఖం చూడకుండా, మెల్లగా పైకి చదివాడు.

"తన దేశపు జంటకే తొమ్మిదిమందిలోకీ తక్కువ మార్కులు వేసిన ఆ జడ్జికి ఇందులో స్వార్థం ఉందంటే మేము నమ్మలేకపోయాము."